మ్యాపులో పచ్చగా ఉన్న సందు

మూడో అంతస్తు, వంటింటి గట్టు పక్కన
మార్చి 6

టవర్ దొరగారికి,

మీ అక్క రాసేది. ఉత్తరం చూసి కంగారు పడకు, అందరం బాగానే ఉన్నాం. ఫోన్ ఒక్కటే పోయింది. పోయిందంటే పగిలిందనుకునేవు, తళతళా మెరుస్తూ చేతిలోనే ఉంది. మాట మాత్రం రాదు, పోదు.

ఫిబ్రవరి ఆఖరున మీ కంపెనీ వాళ్ళు మెసేజ్ పంపారు. పాత నెట్‌వర్క్ ఆపేస్తున్నాం, మీ ప్రాంతానికి కొత్తది వచ్చేసింది, అభినందనలు అని. మర్నాడు లేచేసరికి పాతది నిజంగానే పోయింది. కొత్తది మాత్రం రాలేదు. పెద్దరోడ్డుకి అవతల, అద్దాల భవనాల వైపు, కూరగాయలమ్మే ఆవిడ కూడా ఖాళీ దొరికితే వీడియోలు చూసుకుంటోందట. ఇవతల మా సందులో హలో అంటే పలికేవాడు లేడు. వేరే కంపెనీ సిమ్ వేసి చూశాను. అందరూ ఒకే టవర్ పట్టుకుని వేలాడుతున్నారట, అదీ అంతే. తీగ ఇంటర్నెట్ వాళ్ళని అడిగితే మా స్తంభం మీద ఇక మేకు దిగే చోటు లేదన్నారు.

నా పని నీకు తెలుసు కదా. ఆసుపత్రికి ఫోన్ చేసే రోగులకి డాక్టర్ల టైములు ఇవ్వడం, అదీ ఇంట్లో ఉండే. అత్తయ్య కోసమే కదా ఈ పని పట్టుకున్నాను. ఆవిడకిప్పుడు పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండదు. తలుపు తెరిచి ఉంటే మెట్లు దిగి వెళ్ళిపోతుంది. అందుకని మీ బావ కోల్డ్ స్టోరేజీ డ్యూటీకి బయల్దేరగానే లోపల తాళం వేసి, తాళంచెవి నడుముకి దోపుకుంటాను. సాయంత్రం ఆయన తిరిగొచ్చేదాకా ఇద్దరం ఆ తలుపు వెనకే.

ఫోన్ పట్టుకుని ఇల్లంతా తిరిగాను. మంచం మీద ఎక్కాను, మంచం కింద దూరాను. చివరికి ఒకే ఒక్క చోటు దొరికింది. వంటింటి గట్టు ఎక్కి, పొగ పోయే కంతకి చెవి ఆనిస్తే రెండు గీతలు. తల ఇటు తిప్పితే ఒకటి. దిగితే సున్నా. అలా రోజుకి ఎనిమిది గంటలు గట్టెక్కి నిలబడి, నమస్కారమండీ, మీకు ఏ విభాగం కావాలండీ అంటున్నాను. అత్తయ్య కింద నిలబడి చూస్తూ ఉంటుంది. నిన్న, ఎలక కనిపించిందా అని అడిగింది. అవునన్నాను.

నవ్వకు. వారంలో పదిహేను కాల్స్ మధ్యలో కట్ అయితే ఆ వారానికి ఎర్ర గుర్తు పెడతారు. ఆరు నెలల్లో మూడు ఎర్ర వారాలు పడితే పేరు కొట్టేస్తారు. ఈ తలుపు దాటకుండా చేయగలిగిన పని నాకు ఇంకోటి లేదు. అది పోతే నేను పూర్తిగా ఈ గోడలకి అంకితం.

ఈ ఊళ్ళో సిగ్నల్ ఎక్కడుందో ఎక్కడ లేదో చూసి రాసే ఉద్యోగం కదా నీది. ఒక ఆదివారం వచ్చి మా సందు చూసి పో. గట్టు మీద చోటు ఆఫీసుకే సరిపోతోంది, దిగాక మళ్ళీ ఎక్కబుద్ధి కావడం లేదు. పైగా అక్కడ మాట్లాడితే సగం మాటలు గాల్లోనే పోతున్నాయి. అందుకే ఈ కాగితం. పోస్టులో వేయడానికి మీ బావ ఉన్నాడు.

నీ అక్క


టెస్టు బండి, వెనక సీటు
మార్చి 14

అక్కా,

నీ ఉత్తరం చూసి మా డ్రైవరు బిత్తరపోయాడు. ఇంకా ఉత్తరాలు రాసేవాళ్ళున్నారా అన్నాడు. మా అక్క రాస్తుంది, ఎందుకంటే మన కంపెనీ అంత బాగా పనిచేస్తోంది అన్నాను.

ఇదిగో, ఇప్పుడు కూడా ముందు బల్లకి బిగించిన నాలుగు ఫోన్లు వాటికవే డయల్ చేసుకుంటున్నాయి, వాటికవే పెట్టేసుకుంటున్నాయి. పొద్దుట్నుంచి ఆరొందల కాల్స్ చేశాను, ఒక్క మనిషితో మాట్లాడలేదు. బండి దూరని సందుల్లో అవే నాలుగు ఫోన్లు సంచిలో వేసుకుని నడవాలి. ఈ చివర్నుంచి ఆ చివరికి నడిస్తే మ్యాపులో సందు రంగు మారుతుంది. నిండుగా ఉంటే పచ్చ, లేకపోతే ఎరుపు. ఎర్ర సందుకి స్తంభం మీద చిన్న పెట్టె బిగిస్తారు. పచ్చ సందు జోలికి ఎవరూ పోరు.

అద్దాల భవనాల వైపు ముందు వచ్చిందని ఏడవకు. అక్కడ ఫిర్యాదు చేసేవాళ్ళు సూట్లు వేసుకుని వస్తారు, మావాళ్ళకి భయం. నీ ఫోన్ ఒకసారి ఆపి వేసి చూడు. సిమ్ కూడా కొత్తది తీసుకో. మీ సందు మాత్రం మా మ్యాపులో పచ్చగానే ఉంది, నేను చూశాను. కొత్త సిగ్నల్ కుదురుకోవడానికి కొంత టైము పడుతుంది.

ఫిర్యాదులూ అవీ పెట్టకు. అవి ఎటో తిరిగి చివరికి ఏ చిన్న ఉద్యోగి నెత్తినో పడతాయి తప్ప సిగ్నల్ రాదు. లోపల్నుంచి నేను చూస్తాను కదా. ఈ ఆదివారం రావడం కుదరదు, ఊరి ఉత్తరం వైపు కొత్త పెట్టెలు వేశారు, అవి చూడాలి. వచ్చే నెల ఎలాగైనా వస్తాను. అత్తయ్యగారికి నమస్కారాలు. ఎలక దొరికిందా?

నీ తమ్ముడు


మూడో అంతస్తు, గట్టు దిగాక
ఏప్రిల్ 9

తమ్ముడికి,

ఎలక దొరకలేదు గానీ ఎర్ర వారం దొరికింది. మొదటిది.

ఒక పెద్దాయన కంటి డాక్టరు కోసం చేశాడు. పేరు చెప్పేసరికి కట్. మళ్ళీ చేశాడు, వయసు చెప్పేసరికి కట్. మూడోసారి, అమ్మా, నీకు నేనంటే ఏమైనా కోపమా అని అడిగాడు. నాకు ఏడుపొచ్చింది. లేదండీ, మా సందులో సిగ్నల్ లేదండీ అని చెప్పాలనుకున్నాను. అలా చెప్పకూడదని మా రూలు. అసౌకర్యానికి చింతిస్తున్నాం అన్నాను. అది కూడా ఆయనకి వినపడిందో లేదో.

నేనొక్కదాన్నే అనుకునేవు. కింద టైలరు కొలతలు ఫోన్లో తీసుకునేవాడు, ఇప్పుడు కుట్టు మిషను వదిలి గంటకోసారి పెద్దరోడ్డు దాకా పరిగెత్తి వస్తున్నాడు. రెండో అంతస్తులో ట్యూషన్ చెప్పే పంతులమ్మ పిల్లలకి పాఠాలు పంపలేక డాబా మీద నీళ్ళ ట్యాంకు పక్కన కూర్చుంటోంది. డాబా మీద బాగానే వస్తుందట. నేను వెళ్ళలేను. అత్తయ్యని అన్ని మెట్లు ఎక్కించలేను, వదిలి వెళ్ళలేను.

ఫిర్యాదు వద్దన్నావు. నీ ఉత్తరం అందేటప్పటికే పెట్టేశాను. జవాబు కూడా వచ్చింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను చదువు. "మీ సందులో పూర్తి కవరేజీ ఉంది. ఫిబ్రవరి 11వ తేదీ సాయంత్రం మా సిబ్బంది సందు పొడవునా కాలినడకన పరీక్షించి నిర్ధారించారు."

సందు పొడవునా అట. మా సందు పొడవెంతో నీకు తెలుసు. ఇరవై రెండిళ్ళు, చివర మూసేసిన గేటు. అలా నడిచినవాడు ఎవరో నీకేమైనా తెలుస్తుందా? మీ ఆఫీసులో ఎవరు ఎక్కడ నడిచారో రాసి ఉంటుంది కదా. కనుక్కుని రాయి. తొందరేం లేదు, నేనెక్కడికీ పోను.

నీ అక్క


సర్వీసు గది, పనిముట్ల బీరువా దగ్గర
ఏప్రిల్ 21

అక్కా,

మా జట్టులో పద్దెనిమిదిమంది ఉంటాం. ఎవరు ఏ సందు నడిచారో కనుక్కోవడం కష్టం. లెక్కలన్నీ పై ఆఫీసులో ఉంటాయి, మాకు చూపించరు.

ఒక్క మాట చెప్తాను, మనసులో పెట్టుకో. మావాళ్ళలో మొగ నడక అని ఒకటుంది. రోజుకి పద్నాలుగు సందులు నడవమంటారు, పదికే కాళ్ళు పడిపోతాయి. అప్పుడు సందు మొగలో నిలబడి, అక్కడే నాలుగు చక్కర్లు కొట్టి, సందంతా నడిచినట్టు ఎక్కించేస్తారు. అడుగుల లెక్క సరిపోతుంది. మొగలో పెద్దరోడ్డు సిగ్నల్ ఉంటుంది కాబట్టి మ్యాపు పచ్చబడుతుంది. అందరికీ తెలుసు, ఎవరూ అనరు. నేను ఆ పని చేయను, నీకు తెలుసు. కానీ చేసినవాణ్ణి కూడా పూర్తిగా తప్పుపట్టలేను.

నా సంగతి ఇంకోటి. ఆరేళ్ళ కాంట్రాక్టు తర్వాత నన్ను పర్మినెంట్ చేసే ఫైలు కదిలింది. జూన్ నెలాఖరుకి సంతకాలైపోతాయంటున్నారు. ఎవరికీ చెప్పలేదు, నీకే మొదట చెప్తున్నాను. ఇక ప్రతి మార్చిలోనూ, వచ్చే ఏడాది ఉంటానా ఊడతానా అని చూసుకోనక్కర్లేదు.

మీ సందు మళ్ళీ పరీక్షించాలని మా సూపర్‌వైజరుతో అన్నాను. పచ్చ సందు ఎందుకయ్యా, పనిలేదా అన్నాడు. మళ్ళీ అడుగుతాను. ఈలోగా సిగ్నల్ బాగా పట్టే ఫోన్ ఒకటి కొరియర్లో పంపుతున్నాను, మా టెస్టు ఫోన్లలో పక్కన పెట్టేసింది. దీంతో గట్టు దిగొచ్చేమో చూడు.

రావాలనే ఉంది. కుదరడం లేదు.

నీ తమ్ముడు


మూడో అంతస్తు, ముందు గది, కిటికీ పక్కన
మే 12

తమ్ముడికి,

నువ్వు పంపిన ఫోన్ అందింది. గట్టు మీద మూడు గీతలు, కింద సున్నా. నీ చేయి పడ్డదని ఉంచుకున్నాను.

మొన్న గురువారం అత్తయ్య తప్పిపోయింది. చెత్త పట్టుకెళ్ళేవాడు వస్తే తలుపు తీశాను. అంతలో డ్యూటీ టైమయింది, ఫోన్ మోగింది. మోగిన మూడు సెకన్లలో ఎత్తకపోతే అదీ కట్ అయిన కాల్ కిందే లెక్క. గబగబా గట్టెక్కాను. తాళంచెవి తలుపుకే ఉండిపోయింది. అవతల ఒకావిడ, పాపకి జ్వరం, పిల్లల డాక్టరు కావాలంటోంది. పొగకంతకి చెవి ఆనించి నేను తేదీలు చెప్తున్నాను. ముందు గదిలో తాళం తిరిగిన చప్పుడు నాకు వినపడింది. విన్నాను. ఈ కాల్ కట్ చేస్తే పదిహేనోది. ఒక్క నిమిషం, ఒక్క నిమిషం అనుకుంటూ ఆవిడకి పదిన్నరకి టైము ఇచ్చి దిగాను. తలుపు బార్లా తెరిచి ఉంది.

గంటన్నర వెతికాం, నేనూ టైలరూ పంతులమ్మా. మీ బావకి కబురు చేయడానికి కూడా నేను డాబా ఎక్కాల్సొచ్చింది. చివరికి పెద్దరోడ్డు మధ్యలో, అటూ ఇటూ బస్సులు పోతుంటే, రోడ్డు మధ్య గట్టు మీద కూర్చుని ఉంది. చెప్పులు లేవు. నన్ను చూసి, ఎలక కోసం వచ్చాను అంది. మీ బావ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బావుండేది. గంటన్నర ఫోన్ ఎత్తలేదు కాబట్టి ఆ వారం కూడా ఎర్రబడింది. రెండోది.

ఇక నువ్వు చెప్తావేమో అని నెల రోజులు చూశాను. చెప్పడం లేదు కాబట్టి నేనే చెప్తున్నాను.

ఫిబ్రవరి 11 సాయంత్రం నేను ఈ కిటికీ దగ్గరే ఉన్నాను. సందు మొగలో పరుపుల కొట్టు ముందు భుజాన సంచితో నువ్వు కనిపించావు. ఎంత సంబరపడ్డానో. అత్తయ్యా, తమ్ముడొస్తున్నాడు అన్నాను. పొయ్యి మీద ఎసరు పెట్టాను. మళ్ళీ వచ్చి చూస్తే నువ్వు కొట్టు ముందే అటూ ఇటూ తిరుగుతున్నావు. ఎవరితోనో మాట్లాడుకుని వస్తావనుకున్నాను. అలా అరగంట తిరిగి, సంచి సర్దుకుని వెళ్ళిపోయావు. గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయాడంటే నామీద కోపమేమో, నేనేమన్నానా అని చాలా రోజులు అనుకున్నాను. సిగ్గేసి అడగలేదు. ఏప్రిల్లో ఆ జవాబు చదివాక తెలిసింది, నువ్వు నడుస్తున్నది మా సందేనని.

నిన్న మీ కంపెనీ ఫిర్యాదుల ఆఫీసరమ్మ ఇంటికి వచ్చింది. మంచి మనిషి. తన ఫోన్ పట్టుకుని మా ఇల్లంతా తిరిగింది, నేను గట్టెక్కి చూపిస్తే తనూ ఎక్కి చూసింది. కానీ రూలు రూలే అంది. ఈ రోజు సిగ్నల్ లేదన్నది చాలదట, ఆ రోజు పరీక్ష తప్పని తేలాలట. నడిచినవాడే వచ్చి ఒప్పుకుంటే మందలింపుతో పోతుంది. లేదా సందులో ఎవరైనా, ఆ మనిషి లోపలికి రాలేదు, నేను కళ్ళారా చూశాను అని సంతకం పెట్టాలి. అప్పుడు అతని ఉద్యోగం ఉండదు. రెండూ కాకపోతే మా సందు మళ్ళీ జాబితాలోకి ఎక్కేది ఏడాదిన్నర తర్వాత. నీ పేరు ఆవిడ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఆ రోజు చూసినదాన్ని నేనొక్కదాన్నే.

మూడో ఎర్ర వారం ఎప్పుడైనా రావచ్చు. ఈ నెలాఖరుదాకా ఆగుతాను. నువ్వే వెళ్ళి చెప్పు.

అక్క


అద్దె గది, కిటికీ లేని వైపు
మే 20

అక్కా,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని రెండు రోజులు తిరిగాను.

నేనే. ఆ రోజు పద్నాలుగు సందుల్లో మీది పన్నెండోది. నాలుగున్నర అయింది. లోపలికి వస్తే నువ్వు కిటికీలోంచి చూస్తావు, చూస్తే పిలుస్తావు, పైకి వస్తే తినకుండా పంపవు. అత్తయ్యగారు నన్ను ఎవరనుకుంటుందో, మొదట్నుంచీ అన్నీ అడుగుతుంది. గంట ఎగిరిపోతుంది. రెండు సందులు మిగిలిపోతాయి. మీ ఇంట్లో ఎన్నిసార్లు ఫోన్ మాట్లాడాను నేను, ఆ మంచం మీద పడుకుని, ఆ కిటికీ పట్టుకుని. ఎప్పుడూ నిండా గీతలే. అది పాత సిగ్నల్, గోడలు దూరి వచ్చేది. కొత్తది అంత మొండిది కాదని నాకు తెలుసు, పదిమందికి చెప్పే పాఠం అది. అయినా మన అక్క సందే కదా, మనకి తెలియనిదా అనుకున్నాను. తెలియని సందైతే నడిచేవాణ్ణి. మిగతా పదమూడూ నడిచాను, అక్కా. ఆరేళ్ళలో ఒక్కటంటే ఒక్క సందు ఎగ్గొట్టాను, అది నీది.

నువ్వు ఎసరు పెట్టావన్న మాట దగ్గర ఆగిపోయాను. ఇంకా అక్కడే ఉన్నాను.

వెళ్ళి చెప్పమన్నావు. నిన్న ఆఫీసరు గది దాకా వెళ్ళాను. బయట బెంచీ మీద పావుగంట కూర్చుని వచ్చేశాను. మందలింపు అని ఆవిడ తేలిగ్గా అంది. పర్మినెంట్ ఫైల్లో మందలింపు పడితే ఆ ఫైలు అక్కడితో సరి. ఈ నలభై రోజులు ఆగు. జూన్ 30న సంతకాలవుతాయి, జూలై ఒకటిన నేనే వెళ్ళి అన్నీ చెప్తాను. పర్మినెంట్ అయినవాణ్ణి తీసేయడం అంత సులువు కాదు. నువ్వు ఎలాగో నెట్టుకురా. కొన్నాళ్ళు సెలవు పెట్టు. పంతులమ్మని అత్తయ్యగారి దగ్గర కూర్చోమను, నువ్వు డాబా ఎక్కు. ఏదో ఒకటి చెయ్యి. నేను అడిగే మొహం కాదని తెలుసు, అయినా అడుగుతున్నాను. నలభై రోజులే.

నీ తమ్ముడు


మూడో అంతస్తు, భోజనాల బల్ల
జూన్ 8

తమ్ముడికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి ఏడ్చాను. రెండోసారి కోపమొచ్చింది. మూడోసారి, నలభై రోజులే అన్న మాట చుట్టూ గీత గీశాను.

ఈ నలభై రోజులు నువ్వు బయట తిరుగుతావు. ఒక సందు కాకపోతే ఇంకో సందు. నేను మూడడుగుల గట్టు మీద నిలబడతాను. అత్తయ్య తప్పిపోయిన రోజు నుంచి ఆవిడ చీర కొంగుకి నా చున్నీ ముడేసి, ఆ చివర పొయ్యి కడ్డీకి కట్టి కాల్స్ మాట్లాడుతున్నాను. నీకు రాయకూడదనుకున్నాను, రాస్తున్నాను. మనిషిని కట్టేశాను. ఆవిడ ముడి విప్పుకోవడం రాక నావైపు చూస్తుంది. నేను మాట్లాడుతూనే ఉంటాను. సెలవు పెట్టమన్నావు, మాకు సెలవు అంటే పేరు తీసేయడమే. పంతులమ్మకి తన పిల్లలున్నారు.

అయినా నెలాఖరుదాకా ఆగాను. నువ్వు వెళ్తావని రోజూ అనుకున్నాను. జూన్ మొదటి వారంలో ఒక్క బుధవారమే పన్నెండు కాల్స్ పోయాయి. ఇంకో మూడు పోతే మూడో గుర్తు. ఆ సాయంత్రం మీ బావ వచ్చాక ఆయన్ని అత్తయ్య దగ్గర కూర్చోబెట్టి ఆఫీసరమ్మ దగ్గరికి వెళ్ళాను. మూడు నెలల్లో నేను ఒంటరిగా బయటికి రావడం అదే. పెద్దరోడ్డు దాటేసరికి ఫోన్ నిండా గీతలొచ్చి ఎప్పటెప్పటివో మెసేజులు ఒకదాని వెనక ఒకటి మోగాయి.

ఆవిడ కాగితం ముందు పెట్టి అడిగింది. "మూడో అంతస్తు నుంచి చూశారు. అంత దూరంలో మనిషిని ఎలా గుర్తుపట్టారు?"

"నా తమ్ముడండీ," అన్నాను.

ఆవిడ కలం పక్కన పెట్టేసింది. నేను టీ తాగి వస్తాను, మీరు ఇంకోసారి ఆలోచించుకోండి అని లేచింది. ఆవిడ తలుపు దాటకముందే సంతకం పెట్టేశాను. టీ అయ్యేదాకా ఉంటే పెట్టగలిగేదాన్ని కాదు.

తప్పు చేశానని అనను. బాగా చేశానని కూడా అనలేను. నువ్వు వెళ్ళి చెప్పి ఉంటే ఈ పని నాకు తప్పేది. ఆ కోపం నాకుంది. నిన్ను చూడాలనీ ఉంది.

అక్క


అద్దె గది
జూన్ 27

అక్కకి,

తీసేశారు. సోమవారం కార్డు తీసుకున్నారు.

అంతకుముందు మీ సందు మళ్ళీ నడిపించారు. తప్పు చేసినవాడే ఆఫీసరు ముందు నడవాలట, అదొక పద్ధతి. పరుపుల కొట్టు దగ్గర నాలుగు ఫోన్లూ నిండుగా ఉన్నాయి. ఏడడుగులు వేసేసరికి సగం. మీ మెట్ల దగ్గర నాలుగూ సున్నా. మూసేసిన గేటు దాకా సున్నా. నేను ఆ రోజు ఇంకో ఏడడుగులు వేసి ఉంటే సరిపోయేది. ఆఫీసరమ్మ రాసుకుంది. మ్యాపు నా కళ్ళముందే ఎర్రబడింది. మీ కిటికీ వైపు చూశాను, వేసి ఉంది.

పెట్టె రెండు నెలల్లో వస్తుంది. ఈసారి నిజంగా వస్తుంది, బిగించే జట్టు నాకు తెలుసు.

నువ్వు చేసింది న్యాయమేనని అందరితో అంటున్నాను. గదిలోకి వచ్చాక ఆ మాట నాకే నచ్చడం లేదు. కోపం లేదని రాయాలనుకున్నాను. ఉంది, అక్కా. నామీద ఎక్కువ, నీమీద తక్కువ, కానీ ఉంది. కొన్నాళ్ళు నాకు రాయకు.


మూడో అంతస్తు, ముందు గది, కుర్చీలో
సెప్టెంబరు 3

ఒరే,

రాయవద్దన్నావు. రెండు నెలలు రాయలేదు. ఇక నావల్ల కాదు.

ఆ రోజు కిటికీ నేను కావాలని వేయలేదు. నువ్వు కింద నడుస్తున్నప్పుడు నేను గట్టు మీద ఉన్నాను. ఎముకల డాక్టరు కోసం ఎవరో చేశారు. నువ్వు వచ్చి వెళ్ళావని టైలరు చెప్తేగానీ తెలియలేదు. నీ ఉత్తరంలో ఆ ఒక్క మాట చదివి రోజంతా తిండి సయించలేదు.

పెట్టె ఆగస్టు ఇరవయ్యిన వచ్చింది. మా ఇంటికి ఎదురు స్తంభం మీదే. తీగలవాళ్ళకి దొరకని చోటు వీళ్ళకి ఎలా దొరికిందో. బిగించినవాళ్ళలో ఒకడు, మీ తమ్ముడు మాకు పని నేర్పాడండీ అన్నాడు. మంచినీళ్ళిచ్చాను.

ఇప్పుడు ఇంట్లో ఎక్కడ నిలబడినా ఐదు గీతలు. టైలరు మిషను దగ్గర్నుంచి కదలడం లేదు, పంతులమ్మ డాబా దిగింది. సందులో కనిపించినవాళ్ళందరూ, మీ ధర్మమా అని అంటున్నారు. ఆ మాట వినలేక చెత్త కూడా మీ బావ చేతే వేయిస్తున్నాను. పెట్టె వచ్చేదాకా వారానికి పదమూడు, పద్నాలుగు దగ్గర నెట్టుకొచ్చాను, మూడో ఎర్ర వారం రాలేదు. మా ఆఫీసువాళ్ళు నా కాల్స్ ఒక్కటీ కట్ కావడం లేదని చూసి ఇంకో రెండు విభాగాలు అంటగట్టారు. ఒక కాల్‌కీ ఇంకో కాల్‌కీ మధ్య ఎనిమిది సెకన్లు. గట్టు దిగాను గానీ ఈ కుర్చీ దిగడానికి లేదు. తాళంచెవి నడుముకే ఉంది. అత్తయ్యని కట్టడం లేదు, పక్కనే కూర్చోబెట్టుకుంటున్నాను. ఇందుకేనా అంత పని చేశాను అని రోజుకోసారి అనిపిస్తుంది. ఉద్యోగం నిలబడింది, ఇల్లు నడుస్తోంది, ఇందుకే అని మళ్ళీ నేనే సమాధానం చెప్పుకుంటాను. నువ్వు గుర్తుకొస్తే మాత్రం ఆ సమాధానం పనికిరాదు.

సిగ్నల్ వచ్చిన రోజున మొట్టమొదట చేసిన ఫోన్ నీకే. మోగింది. ఎంత స్పష్టంగా మోగిందో, నువ్వు పక్క గదిలో ఉన్నట్టే. ఎత్తలేదు. మర్నాడు మళ్ళీ చేశాను. ఈ పద్నాలుగు రోజుల్లో రోజూ చేస్తున్నాను, డ్యూటీ అయిపోగానే. ఆరు రింగులయ్యాక నువ్వు కట్ చేసేస్తావు. ఎప్పుడూ ఆరే. ఫోన్ చేతిలో పట్టుకుని పేరు చూస్తూ ఉంటావని నాకు తెలుసు.

మాట్లాడమని అడగను. ఏం మాట్లాడాలో నాకూ తెలియదు. నువ్వు ఎత్తకపోయినా ఫరవాలేదు, కట్ మాత్రం చేయకు. దానంతట అది ఆగిపోయేదాకా మోగనివ్వు. అంతసేపూ నువ్వు అటువైపు ఉన్నావని నేను ఇక్కడ కూర్చుని ఉంటాను.

అక్క